మాటకు ఊనిక: కొరియావారి ఇంగ్లీషు చదువు

మాటకు అర్థము ఒకటి, బరువు ఒకటి. అర్థము నిఘంటువులో దొరకును. బరువు మాత్రము పలికెడివారి గొంతులోనో, వాక్యపు కూర్పులోనో ఉండును. పరభాష నేర్చుకొనువారు మొదట అర్థము వెంటనే పోవుదురు. పదములు కూడబెట్టుదురు, వ్యాకరణ సూత్రములు వల్లె వేయుదురు. అంత శ్రమపడిన పిదప ఆ భాష మాట్లాడువారి యెదుట కూర్చుండినప్పుడు ఏదో వెలితి తోచును. వాక్యములో తప్పుండదు. ఐనను చెప్పదలచినంత గట్టిగా చెప్పినట్లుండదు; లేదా చెప్పదలచినదానికన్న కటువుగా చెప్పినట్లగును. ఇంగ్లీషు చదివిన మనలో ప్రతివారికిని ఇది కొంత అనుభవమే. కాని ఈ చిక్కు ఒక జాతి చరిత్రలో ఎంత దూరము పోగలదో, దానిని దాటుటకు ఎన్ని తరములు పట్టునో తెలియవలెనన్నచో కొరియా దేశమువైపు చూడవలెను. కొరియావారి ఇంగ్లీషు చదువునకు 140 ఏండ్లకు పైబడిన చరిత్ర కలదు. ఆ చరిత్రలో ఊనిక యను చిన్న విషయము పలుమార్లు పెద్దదై కనబడును.

ముందుగా ఊనిక పోకడ ఎట్టిదో చూతము. మన తెలుగులో "రాముడు వచ్చెను" అన్నచో అది వట్టి వార్త. "రాముడే వచ్చెను" అన్నచో మరియొకరు కారని నిశ్చయము. ఒక్క ఏకారము చేరినంతనే వాక్యపు బరువంతయు రామునిమీద పడినది. మన వ్యాకరణవేత్తలు దీనిని అవధారణమందురు. "రాముడు కూడ", "రాముడు మాత్రము" అనునవియు ఇట్టి పనియే చేయును. కొరియా భాష నడక ఈ విషయమున మనకు చేరువ. అందును క్రియ వాక్యము చివర వచ్చును. ప్రత్యయములు నామమునకు వెనుక చేరును. ఊనికలో పెక్కుపాలు ఆ ప్రత్యయములే మోయును. మన "మాత్రమే" అను మాటకు వారు "మన్" అందురు. మన "కూడ" అను మాటకు "తో" అందురు. ఈ పని ఎవరు చేసిరని అడిగినప్పుడు కొరియావాడు "చెగా హెస్సుమ్నిదా" అని చెప్పును. ఆ "గా" అను ప్రత్యయమునుబట్టి మనము దానిని "నేనే చేసితిని" అని నిస్సంకోచముగా తెనిగింపవచ్చును. క్రియ చివర "చనా" అని చేర్చినచో "నీకు తెలిసినదే కదా" అను భావము వచ్చును. ఇవి యన్నియు నోటితో పలికినను, కాగితముమీద వ్రాసినను చెడకుండ నిలుచును.

ఇంగ్లీషు త్రోవ వేరు. "ఐ డిడ్ ఇట్" అను మూడు మాటలు తీసికొందము. "ఐ" మీద గొంతు మోపినచో "నేనే చేసితిని" అని అర్థము. "డిడ్" మీద మోపినచో "చేయలేదని మీరనుకొనుచున్నారు గాని, చేసితిని" అని అర్థము. "ఇట్" మీద మోపినచో "ఆ పనినే చేసితిని" అని అర్థము. చెవికి ఇవి మూడు వాక్యములు, కంటికి ఒక్కటే. ఇంగ్లీషులో ఊనికకు వేరు ఉపాయములును లేకపోలేదు. "ఐ లైక్ ఇట్" అనుటకు మారుగా "ఐ డూ లైక్ ఇట్" అన్నచో "నాకు నిజముగానే ఇష్టము" అని నొక్కి చెప్పినట్లగును. లేదనుటకు బలమీయవలెనన్నచో చివర "ఎట్ ఆల్" చేర్చుదురు. ఆశ్చర్యముతో అడుగవలెనన్నచో "వాట్ ఆన్ అర్త్" అందురు. ఒక వాక్యమును రెండుగా చీల్చి, కావలసిన మాటను ముందుకు తెచ్చుటయు కలదు. ఇవి పుటమీద కనబడునవి. కాని నిత్యసంభాషణలో ఊనిక భారము ఎక్కువగా గొంతుమీదనే పడును. ఆ గొంతును అచ్చువేయు అక్షరములు లేవు.

ఈ గొంతును పట్టుకొనుట కొరియా చెవికి సులభము కాదు. సియోల్ నగరపు మాటలో ఇంగ్లీషువలె ప్రతి పదమునకును ఇచ్చట నొక్కవలెనను నియమము లేదు. ఆగ్నేయ దిశనున్న గ్యోంగ్‌సాంగ్ సీమవారి పలుకుబడిలో స్వరపు హెచ్చుతగ్గులనుబట్టి పదముల అర్థము మారును గాని, అది ఆ ప్రాంతపు విశేషము. దీనికి తోడు మరియొక చిక్కు కలదు. కొరియా పలుకుబడిలో పదము మొదట రెండు మూడు హల్లులు కలిసి రావు. అందువలన అన్యభాషా పదము వచ్చినప్పుడు ప్రతి హల్లునకును ఒక అచ్చు తోడగును. "స్ట్రైక్" అను మాటను ఇంగ్లీషువారు ఒక్క దెబ్బలో పలుకుదురు. కొరియావారు దానిని "సు-తు-రా-యి-కు" అని ఐదు భాగములుగా పలుకుదురు. "క్రిస్మస్" అను రెండు భాగముల మాటయు వారి నోట ఐదగును. ఒక్కచోట పడవలసిన బరువు ఐదుచోట్ల సమముగా పంచుకొనబడినప్పుడు, ఏది ముఖ్యమో వినువారికి ఎట్లు తెలియును?

ఇది యంతయు ఉచ్చారణకు సంబంధించిన చిన్న విషయమని తోచవచ్చును. కాని కొరియా ఆధునిక చరిత్ర మొదటి పుటలోనే మాట బరువు తప్పిన కథ యొకటి కలదు.

1882 మే 22వ తేదీన, ఇప్పుడు ఇంచియాన్ నగరముగా పెరిగిన జెముల్పో రేవున, అమెరికా నౌకాధికారి రాబర్ట్ షుఫెల్ట్ కొరియా ప్రతినిధులతో సంధిపత్రముపై సంతకము చేసెను. పాశ్చాత్య రాజ్యముతో కొరియా చేసికొన్న సంధులలో అదియే మొదటిది. షరతులు చాలవరకు చీనాలోని టియెన్‌ట్సిన్ నగరమున, ఆ దేశపు ప్రముఖుడు లీ హుంగ్‌చాంగ్‌కును షుఫెల్ట్‌కును నడుమ నిర్ణయింపబడినవి. పత్రము చీనా భాషలోను ఇంగ్లీషులోను వ్రాయబడెను. అప్పటి కొరియా ప్రభుత్వములో ఇంగ్లీషు ప్రతిని చదివి తూచగల కొరియావాడు లేడు.

ఆ సంధి మొదటి అంశములో ఒక వాగ్దానము కలదు. రెండు రాజ్యములలో ఒకదానిపట్ల ఇతర రాజ్యములు అన్యాయముగా ప్రవర్తించినచో రెండవ రాజ్యము ఏమి చేయవలెనో అందు చెప్పబడినది. ఇంగ్లీషు ప్రతిలో, సమాచారము అందిన మీదట, స్నేహపూర్వకమైన పరిష్కారమునకై తన మంచి మాట వినియోగించునని యున్నది. అది దౌత్యవేత్తల వాడుకమాట. మధ్యవర్తిగా నాలుగు మంచిమాటలు చెప్పుదుమని మాత్రమే దాని భావము. చీనా ప్రతిలోనో "తప్పక ఒకరికొకరు సాయపడవలెను" అను బలమైన మాట పడినది. కొరియా ఆస్థానము చదివినది చీనా ప్రతి. కోజోంగ్ రాజు ఆ "తప్పక" అను మాటను నమ్మెను. అమెరికావారు చదివినది ఇంగ్లీషు ప్రతి. అందులో ఆ బరువు లేదు. ఒకే వాగ్దానము, రెండు తూనికలు.

మరుసటి యేడు, 1883లో, కొరియా రాయబారవర్గము మిన్ యోంగ్-ఇక్ నాయకత్వమున అమెరికాకు పోయి, సెప్టెంబరులో న్యూయార్కు నగరమున అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్‌ను దర్శించెను. కొరియా భాషనుండి నేరుగా ఇంగ్లీషులోనికి తేగలవారు ఆ వర్గములో లేరు. కొరియా మాట ముందుగా జపాను భాషలోనికి మారి, అచ్చటినుండి ఇంగ్లీషులోనికి మారవలసి వచ్చెడిది. రెండేరులు దాటిన మూటలో ఏమి మిగిలినదో, ఏమి తడిసినదో చెప్పుట కష్టము.

అదే యేడు ఈ కొరత తీర్చుటకు రెండు ప్రయత్నములు జరిగెను. మొదటిది ఒక యువకునిది. 1865లో పుట్టిన యున్ చి-హో జపానులో చదువుకొనుచు, యొకహామా నగరమున కొలది నెలలు మాత్రము ఇంగ్లీషు నేర్చెను. 1883 మే నెలలో మొదటి అమెరికా రాయబారి లూసియస్ ఫుట్ సియోల్ నగరమునకు వచ్చినప్పుడు ఆయనకు దుబాసీగా వచ్చినది ఈ పదునెనిమిదేండ్ల యువకుడే. ఇరు ప్రభుత్వముల మాటల బరువు అతని కొలది నెలల చదువుమీద నిలిచెను. తరువాత అతడు అమెరికాలో చదువుకొనెను. 1889 డిసెంబరునుండి తన దినచర్యను ఇంగ్లీషులోనే వ్రాయసాగెను. తాను చెప్పదలచినదంతయు చెప్పుటకు అప్పటి కొరియా పదసంపద చాలలేదని అతడు దానికి కారణము చెప్పినాడు. పరభాషలో తన బరువు తాను వెదకుకొన్న తొలి కొరియా వ్రాతగాళ్ళలో అతడొకడు.

రెండవ ప్రయత్నము ప్రభుత్వముది. కొరియా సుంకముల శాఖలో పనిచేయుచున్న జర్మను పండితుడు మ్యోలెన్‌డార్ఫ్ పూనికతో 1883లో సియోల్‌లో దుబాసీలను తయారుచేయు పాఠశాల వెలసెను. అందు హాలిఫాక్స్ అను ఆంగ్లేయుడు పాఠములు చెప్పెను. 1886లో దానికి మారుగా రాజు ఒక పెద్ద పాఠశాలను తెరచెను. యుగ్యోంగ్ గొంగ్వన్ అని దానికి పేరు. ప్రతిభగల యువకులను పెంచు ప్రభుత్వ సంస్థ అని ఆ పేరునకు భావము. అమెరికానుండి హోమర్ హల్బర్ట్, జార్జి గిల్మోర్, డాల్జెల్ బంకర్ అను ముగ్గురు యువకులు ఉపాధ్యాయులుగా వచ్చిరి. వారు వచ్చునాటికి వారికి కొరియా భాష రాదు. విద్యార్థులకు ఇంగ్లీషు రాదు. కాబట్టి ఇంగ్లీషును ఇంగ్లీషుతోనే చెప్పక తప్పలేదు. వస్తువు చూపుట, మాట పలుకుట, మరల పలికించుట. ఈ కొరతయే విద్యార్థులకు మేలైనది. పుస్తకముకన్న ముందుగా గురువుగారి గొంతు వారి చెవిని చేరెను.

ఆ ముగ్గురిలో హల్బర్ట్ పేరు మన తెలుగువారు ప్రత్యేకముగా జ్ఞాపకము పెట్టుకొనవలసినది. ఆయన కొరియా భాషను శ్రద్ధగా నేర్చెను, దాని లిపిని మెచ్చుకొనెను, దేశచరిత్ర వ్రాసెను. 1905లో కొరియా భాషను భారతదేశపు ద్రావిడ భాషలతో పోల్చి ఒక వ్యాకరణ గ్రంథము ప్రకటించెను. కాల్డ్వెల్ పండితుడు 1856లో ద్రావిడ భాషలకు తులనాత్మక వ్యాకరణము వ్రాసియుండెను గనుక అట్టి పోలికకు వీలు కలిగినది. కొరియాకును ద్రావిడమునకును ఒకే పుట్టుక అను వాదమును నేటి భాషాశాస్త్రజ్ఞులు అంగీకరింపరు. ఐనను క్రియ చివర నిలుచుట, ప్రత్యయములు వెనుక చేరుట మొదలైన పోలికలు కంటికి కనబడుచునే యున్నవి. కొరియా విద్యార్థికి ఇంగ్లీషు చెప్పుచు, అతడెచ్చట తడబడుచున్నాడో దగ్గరనుండి చూచిన గురువునకు, ఆ తడబాటు అతని తల్లిభాష నిర్మాణమునుండి వచ్చుచున్నదని తోచుట సహజమే. ఆ నిర్మాణము మనదానికి చేరువ గనుక కొరియావారి చిక్కు మనకు సులభముగా బోధపడును.

హల్బర్ట్ పేరు సంధి కథలోనికి మరల వచ్చును. 1905లో జపాను కొరియాను తన రక్షణక్రిందికి తెచ్చుకొనుటకు సిద్ధపడెను. అప్పుడు కోజోంగ్ 1882 నాటి వాగ్దానమును తలచుకొని, అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్‌కు విన్నపము వ్రాసి, దానిని హల్బర్ట్ చేతికిచ్చి వాషింగ్టన్‌కు పంపెను. నవంబరు 17వ తేదీన జపాను ఒత్తిడిమీద రక్షణ ఒప్పందము జరిగిపోయెను. విన్నపమునకు ఫలము కలుగలేదు. అమెరికా తన దౌత్యకార్యాలయమును సియోల్ నుండి ఎత్తివేసెను. దీనికి కారణము ఒక్క అనువాదదోషమేనని చెప్పుట సాహసము. రాజ్యముల నడవడి తమ లాభమునుబట్టి యుండును. ఆనాడు అమెరికాకు జపానుతో మైత్రి ముఖ్యమై తోచినది. కాని ఇరువది మూడేండ్లు ఒక రాజు ఏ మాటమీద ఆశ పెట్టుకొనెనో, ఆ మాట రెండవ ప్రతిలో అంత గట్టిగా లేదన్నది సత్యము. ఒక "తప్పక" అను మాట విలువ ఎంతయో ఇంతకన్న స్పష్టముగా చెప్పు నిదర్శనము అరుదు.

ఈలోగా ప్రభుత్వము వెలుపలను ఇంగ్లీషు చదువు ప్రబలెను. మతబోధకుడు హెన్రీ అపెన్జెల్లర్ 1885లో ప్రారంభించిన పాఠశాలకు మరుసటి యేడు రాజు పేజే అని నామకరణము చేసెను. 1886లో మేరీ స్క్రాంటన్ బాలికలకు ఈహ్వా పాఠశాలను నెలకొల్పెను. 1896 ఏప్రిల్‌లో సొ జే-పిల్ "ఇండిపెండెంట్" అను పత్రికను కొరియా భాషలోను ఇంగ్లీషులోను వెలువరించెను. తమ మాట పరులకు ఏ బరువుతో చేరవలెనో తామే నిర్ణయింపవలెనను పట్టుదల అందు కనబడుచున్నది. 1897లో పేజే పాఠశాల ఉత్సవమున ఒక విద్యార్థి కొరియా స్వాతంత్ర్యమును గూర్చి ఇంగ్లీషున ఉపన్యసించెను. అతడు సింగ్మన్ రీ. 1948లో కొరియా గణతంత్రమునకు మొదటి అధ్యక్షుడైనవాడు. ఆ తరమువారు నేర్చినది చాలవరకు చెవితో నేర్చిన ఇంగ్లీషు.

1910లో కొరియాను జపాను కలుపుకొనెను. 1911లో ప్రభుత్వ విదేశభాషా పాఠశాల మూతపడెను. ఇంగ్లీషు పూర్తిగా పోలేదు. పై చదువులకు ప్రవేశపరీక్షలలో అది యొక మెట్టుగా నిలిచెను. కాని చదువు తీరు మారెను. వాక్యమును ముక్కలుగా విడదీసి, చివరనుండి మొదటికి అన్వయించుకొనుచు అనువదించుట పాఠమైనది. చీనా గ్రంథములను చదువుటకు తూర్పుదేశములలో తరతరములుగా అలవడిన పద్ధతి అది. ఈ పద్ధతిలో కఠినమైన వచనము బోధపడును. సంభాషణ రాదు. "డూ" అను సహాయక్రియ ఊనిక కొరకు వచ్చునని విద్యార్థి సూత్రము వ్రాయగలడు. ఎప్పుడు అది వాడవలెనో, వాడినప్పుడు గొంతు ఎట్లు లేవవలెనో ఎరుగడు. చెవితో మొదలైన చదువు ఇట్లు కంటికి మారిపోయినది.

కొరియాలో రేడియో ప్రసారము 1927 ఫిబ్రవరిలో మొదలయ్యెను. జపాను, కొరియా భాషలు రెండును ఒకే కేంద్రమునుండి వినబడెడివి. యుద్ధకాలమున శత్రుభాషయని ఇంగ్లీషు చదువు అణగద్రొక్కబడెను. అమెరికానుండి లఘుతరంగములపై వచ్చు వార్తలను రహస్యముగా విన్నారని 1942 చివర కొరియా ప్రసారోద్యోగులు కొందరు నిర్బంధింపబడిరి. పుస్తకము నిషేధించుట పాత సంగతి. వినుటయే నేరమైన కాలమది.

1945 సెప్టెంబరు 7వ తేదీ ప్రకటనతో పరిస్థితి తలక్రిందులయ్యెను. దక్షిణ భాగమును వశపరచుకొన్న అమెరికా సేనల తరఫున సేనాపతి మకార్థర్ చేసిన ఆ ప్రకటనలో, సైనిక పరిపాలన సాగినంతకాలము అన్ని వ్యవహారములకును ఇంగ్లీషే అధికారభాషయని యుండెను. ఇంగ్లీషు ప్రతికిని కొరియా లేక జపాను ప్రతికిని భేదము వచ్చినచో ఇంగ్లీషు ప్రతియే ప్రమాణమని కూడ అందుండెను. 1882లో చీనా ప్రతిని నమ్మి మోసపోయిన జాతికి ఇది ఎట్టి పాఠమో ఊహింపవచ్చును. అధికారి మాటయు ప్రజల మొరయు దుబాసీ నోటిమీదుగానే పోవలసి వచ్చెను. ఆ మూడేండ్ల పాలనను జనులు "దుబాసీల దొరతనము" అను అర్థము వచ్చు పేరుతో ఎత్తిపొడిచిరి. చెన్నపట్టణపు దుబాసీల కథలు విన్న మన పెద్దలకు ఆ పేరులోని చమత్కారము విడమరచి చెప్పనక్కరలేదు. మొర పెట్టుకొనువాడు ఎంత వేదనతో చెప్పినను, దుబాసీ చప్పగా చెప్పినచో అది చప్పని మాటయే.

1950లో యుద్ధము వచ్చెను. ఆ యేడు అక్టోబరులో అమెరికా సేనల కొరకు ఇంగ్లీషు రేడియో ప్రసారము సియోల్‌లో మొదలయ్యెను. 1957లో దానికి టెలివిజను తోడైనది. అది సైనికులకు పాటలు, వార్తలు, హాస్యప్రసంగములు వినిపించుటకు ఏర్పడినది. కొరియావారికి భాష నేర్పుట దాని పని కాదు. ఐనను గాలిలో వచ్చు మాటకు గోడలు లేవు. 1959లో గోల్డ్‌స్టార్ సంస్థ దేశములో తయారైన మొదటి రేడియోను విపణికి తెచ్చెను. క్రమముగా రేడియో కల ఇండ్లు పెరిగెను. విద్యార్థులు ఆ సైనిక ప్రసారమును తిప్పి పెట్టుకొని, అర్థమైనంతవరకు వినుచు, కానిదానిని మరల మరల అనుకొనుచు చదువుకొనిరి. బడిలో పుటమీద ఒకే తీరుగా కనబడిన వాక్యము, రేడియోలో ఒకనాడు కోపముగాను, ఒకనాడు పరిహాసముగాను, ఒకనాడు బ్రతిమాలుటగాను వినబడెను. కొందరు తరువాత ఆ మాటలను ధ్వనిముద్రణ చేసి, వాక్యమువెంబడి వాక్యము వ్రాసికొని అభ్యసించిరి. 1996లో ఆ టెలివిజనుకు కేటాయించిన ప్రసారమార్గమును కొరియా ప్రభుత్వము తిరిగి తీసికొనెను. కాని అంతకు ముందే రెండు తరములవారికి అది వేతనము లేని ఉపాధ్యాయుడైనది.

ఇంతలో బడిచదువు మాత్రము పుస్తకమునే పట్టుకొని వ్రేలాడినది. 1967లో వెలువడిన సాంగ్ సోంగ్-మున్ వ్యాకరణ గ్రంథము దశాబ్దములపాటు విద్యార్థుల చేతులలో నలిగెను. పరీక్షలకు అది మేలుచేసెను. ఐతే పుస్తకములలో ఇంగ్లీషు మాటకు ఎదుట కొరియా మాట వ్రాసి వల్లె వేయు అలవాటువలన మాటల బరువులు తారుమారగుట మానలేదు. దీనికి రెండు మూడు ఉదాహరణములు చెప్పుదుము.

కొరియా భాషలో "ఇట్లు చేసిన బాగుండును" అను అర్థము వచ్చు మాట కలదు. అది మర్యాదగల సలహా. దానికి సమానముగా "యూ హాడ్ బెటర్" అని నేర్చినవారు పెద్దలకు సలహా చెప్పుచు ఆ మాటనే వాడుదురు. ఇంగ్లీషువాని చెవికి అది "చేయకపోయితివా, చూచుకొనుము" అను బెదరింపువలె తోచును. ఎవరైన ఒక పని చేసిపెట్టుదురా యని అడిగినప్పుడు కొరియావారు "ముల్లోనిజ్యో" అందురు. "అయ్యో, దానికేమి, తప్పక" అన్నంత ఆప్యాయత అందు కలదు. దానిని "ఆఫ్ కోర్స్" అని అనువదించినచో, కొన్ని సందర్భములలో "అది కూడ అడుగవలెనా" అను విసుగు వినబడును. మూడవది "నొము" అను మాట. దానికి మొదటి అర్థము "మితిమించి" అని. సంభాషణలో జనులు దానిని "చాల" అను అర్థమున వాడసాగిరి. కాబట్టి "చాల సంతోషము" అని చెప్పదలచి "టూ హ్యాపీ" అనుట కొరియావారిలో సామాన్యమైన పొరపాటు. మన ఇండ్లలోను "టూ గుడ్" అనుచు మెచ్చుకొనువారు తక్కువ కారు. కొరియా జాతీయ భాషాసంస్థ జనుల వాడుకను గౌరవించి, "నొము" అను మాటను మంచి అర్థమునను వాడవచ్చునని 2015లో అంగీకరించెను. తమ భాషలో కుదిరిన ఆ సర్దుబాటు ఇంగ్లీషులో కుదురదన్నది విద్యార్థి తెలిసికొనవలసిన సంగతి.

ఇట్టి పొరపాట్లవలన వచ్చు నష్టము మార్కులలో కనబడదు. ఉద్యోగమునకో, చదువునకో పరదేశము పోయినవాడు మర్యాదస్థుడై యుండియు మొరటువాడుగా ఎంచబడును. ఉత్సాహముతో ఒప్పుకొనియు, ఇష్టము లేనివాడుగా తోచును. చెప్పిన విషయమున తప్పు లేదు గనుక ఎవరును సరిదిద్దరు. వ్యాకరణదోషమును విదేశీయుడన్న దయతో క్షమించెడి లోకము, ఊనికదోషమును మాత్రము స్వభావదోషముగా లెక్కించును.

ఈ లోపమును కొరియా ప్రభుత్వము ఆలస్యముగానైనను గుర్తించినది. 1988లో కొరియా ప్రసారసంస్థ రేడియోలో పాటలతోను సినిమా సంభాషణలతోను ఇంగ్లీషు నేర్పు ఉదయకార్యక్రమము మొదలై, ఏండ్లతరబడి శ్రోతలను ఆకర్షించెను. 1993 ఆగస్టులో మొదటిసారి జరిగిన విశ్వవిద్యాలయ ప్రవేశపు జాతీయ పరీక్షలో, విని జవాబు వ్రాయవలసిన ఇంగ్లీషు ప్రశ్నలు చేర్చబడెను. 1997 నుండి ప్రాథమిక పాఠశాల మూడవ తరగతిలోనే ఇంగ్లీషు చెప్పసాగిరి. ఆ ప్రవేశపరీక్షలో విను భాగము జరుగు అరగంటకు పైబడిన కాలమున, దేశమంతట విమానములు లేచుటయు దిగుటయు ఆపివేయుదురు. అప్పటికే ఆకాశమునున్నవి 3 కిలోమీటర్ల ఎత్తునకు పైన తిరుగుచు వేచియుండును. లక్షలాది పిల్లలు గొంతులోని ఎత్తుపల్లములను పోల్చుకొనుటకై ఒక దేశము ఆకాశమునే నిశ్శబ్దము చేయుచున్నది. కంటితో చదివిన కాలమునకును నేటికిని గల దూరము దీనినిబట్టి తెలియును.

ఈ కథకు ఇటీవలి మలుపొకటి కలదు. కొరియావారు ఇంగ్లీషునుండి "ఫైటింగ్" అను మాట తెచ్చుకొని, తమ పలుకుబడిలో "హ్వాయిటింగ్" అని పలుకుచు, పరీక్షకు పోవువానికిని ఆటకు దిగువానికిని "ధైర్యముగా సాగుము" అని ఉత్సాహము కల్పించుటకు వాడుదురు. ఇంగ్లీషువారు ఆ మాటను అట్లు వాడరు. ఇది తప్పు ఇంగ్లీషని ఉపాధ్యాయులు దిద్దెడివారు. 2021 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డు నిఘంటువు కొరియా సంబంధమైన 26 మాటలను చేర్చుకొన్నప్పుడు "ఫైటింగ్" అను మాట ఈ కొరియా అర్థముతోనే అందు చోటు చేసికొన్నది. "భలే" అని మెచ్చుకొనుటకు వారు వాడు "తేబాక్" అను మాటయు వెంట చేరెను. 1882లో తమ వాగ్దానపు బరువును తామే తూచుకొనలేకపోయినవారి ఊనికమాటలు నేడు ఇంగ్లీషు నిఘంటువులోనే తూకమునకు వచ్చినవి. పాటలు, చలనచిత్రములు, నాటకములు లోకమంతట వినబడుటవలన ఇది సాధ్యమైనది.

దీనినుండి మనము గ్రహింపదగినదేమి? తెలుగువారికిని కొరియావారికిని తల్లిభాషలో ఊనిక ప్రత్యయములతో పలుకుట అలవాటు. ఆ అలవాటుతోనే ఇంగ్లీషులోనికి పోయినచో, మన ఏకారమునకు చోటు దొరకక, వాక్యము చప్పబడును. లేదా ఆ లోటు తీర్చుటకై "వెరీ"లును "ఓన్లీ"లును గుప్పింపబడును. పిల్లలు ఇంగ్లీషు పాఠము చదువునప్పుడు ఒకే వాక్యమును మూడు మాటలమీద మూడుమార్లు నొక్కి పలికించి, అర్థము ఎట్లు మారినదో తెలుగులో చెప్పించుట తల్లిదండ్రులు ఇంటిలోనే చేయదగిన పని. "నేనే", "చేసియే", "దానినే" అని పిల్లవాడు చెప్పగలిగినచో పాఠము వంటబట్టినట్లే. ఇంగ్లీషు వార్తలు వినునప్పుడు ఏమి చెప్పుచున్నారనుటతోపాటు ఏ మాటమీద నిలిచి చెప్పుచున్నారో కూడ గమనింపవలెను. రేడియో కల ఇంటిలో ఆ గురువు ఎప్పుడును సిద్ధముగానే యుండును.